నవ్వని మనిషి, వట్టిపోయిన ఆవు: బస్టర్ కీటన్ కథ

రేపు కనుమ. మా పక్కింటి తమిళులకు మాట్టుపొంగల్, మనకు కనుమ, పశువుకు ఏ పేరైనా ఒకటే. మా వీధిలో ఇప్పుడు కొమ్ములకు రంగు పూయడానికి పశువు ఉన్న ఇల్లు ఒక్కటే మిగిలింది. గంగిరెద్దులవాళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయింది. సన్నాయి ఊదితే తల ఊపి, అయ్యగారికి దండం పెట్టమంటే ముందుకాలు మడిచిన ఎద్దును చూసినవాళ్లం మా సంఘంలో ఇంకా కొందరం ఉన్నాం. ఆ పని కొరడాతో జరిగేది కాదని మా తాతగారు చెప్పేవారు.

ఏటా సంక్రాంతికి సంఘం తరఫున ఒక వ్యాసం పంపడం మాకు అలవాటు. ముగ్గుల మీద రాశాం, హరిదాసుల మీద రాశాం, మన పెద్దలు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన వైనం రాశాం. ఈసారి అమెరికాలో పుట్టి అమెరికాలోనే పోయిన ఒక హాస్యనటుడి గురించి రాస్తున్నాం. తెలుగు సంఘం కార్యదర్శికి ఇదేం పని అని అడిగేవారు ఉంటారు, కారణం చెబుతాం.

మొన్న కార్తీక వనభోజనాల నాడు వాన పట్టుకుంది. తోటకు వెళ్లలేక అందరం సంఘం హాల్లోనే ఆకులు వేసుకుని తిన్నాం. భోజనాలయ్యాక పొద్దు పోవడానికి ఒక సభ్యుడి కొడుకు గోడ మీద పాత మూకీ సినిమా వేశాడు. ముందు వరుసలో చాప మీద కూర్చున్న పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లు నలుగురైనా లేరు. వెనక కుర్చీల్లో ఉన్న అమ్మమ్మలకు ఇంగ్లీషు రాదు. మధ్యమధ్య తెర మీదకొచ్చే ఇంగ్లీషు రాతను ఒకరు తెలుగులో, ఇంకొకరు తమిళంలో చెప్పడం మొదలుపెట్టారు. పది నిమిషాలకు ఇద్దరూ మానేశారు, అవసరం లేకపోయింది. అందరూ ఒకేచోట నవ్వారు. ఆవును కబేళాకు వెళ్లే రైలు ఎక్కించినప్పుడు అందరూ ఒకేసారి నిశ్శబ్దమయ్యారు.

ఆ సినిమా పేరు ‘గో వెస్ట్’, 1925 నాటిది. అందులో నాయకుడు, దర్శకుడు బస్టర్ కీటన్. నాయిక ఒక ఆవు. దాని పేరు బ్రౌన్ ఐస్, అంటే గోధుమరంగు కళ్లది. నటీనటుల జాబితాలో మనుషుల పేర్లతో పాటు దాని పేరూ ఉంటుంది.

కీటన్ అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. 1895 అక్టోబర్ 4న కాన్సస్ రాష్ట్రంలో పికువా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అది సొంత ఊరేమీ కాదు. తల్లి మైరా, తండ్రి జో ఇద్దరూ ఊరూరా తిరుగుతూ ఆటపాటలతో జనాన్ని పోగుచేసి మందులు అమ్మే బృందంలో ఉండేవారు. బృందం ఆ రోజుల్లో అక్కడ ఉంది కాబట్టి బిడ్డ అక్కడ పుట్టాడు. పాకే వయసులో మెట్ల మీంచి దొర్లిపడి దెబ్బ తగలకుండా లేచి కూర్చున్నాడని, అందుకే బస్టర్ అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఆ పేరు పెట్టింది ప్రసిద్ధ ఇంద్రజాలికుడు హౌడినీ అని ఇంట్లో చెప్పుకునేవారు. పరిశోధకులు దాన్ని నమ్మరు. ఏ ఇంట్లోనైనా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది.

అయిదేళ్లకల్లా పిల్లవాడు వేదిక ఎక్కాడు. తల్లి, తండ్రి, కొడుకు కలిసి ముగ్గురు కీటన్లు అనే ప్రదర్శన ఇచ్చేవారు. అందులో ముఖ్యమైన పని తండ్రి కొడుకును విసరడం. కొడుకు తండ్రి మాట వినడు, అల్లరి చేస్తాడు, తండ్రి ఎత్తి తెరల మీదికో, వాయిద్యగాళ్ల మధ్యకో విసిరేస్తాడు. పట్టుకోవడానికి వీలుగా పిల్లవాడి చొక్కా వీపున పెట్టె పిడి ఒకటి కుట్టేవారు. న్యూయార్క్‌లో బాలల సంరక్షణ సంఘంవాళ్లు వెంటపడ్డారు. ఒంటి మీద దెబ్బలున్నాయేమోనని అధికారుల ముందు బట్టలు విప్పించి చూసిన సందర్భం కూడా ఉంది. ఏమీ కనిపించలేదు. ఎలా పడాలో ఆ పిల్లవాడికి అప్పటికే వచ్చేసింది.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాడు. పడిలేచి తాను నవ్వితే జనం అంతగా నవ్వడం లేదు. ముఖం బిగబట్టి, ఏమీ జరగనట్టు లేచి నిలబడితే హాలు దద్దరిల్లుతోంది. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఆయన వేసుకు తిరిగిన ముఖం ఇదే. లోకం దాన్ని రాతిముఖం అంది. మాకు మాత్రం ఆ ముఖం రాయిలా అనిపించలేదు. చెప్పిందల్లా శ్రద్ధగా వినే గుమాస్తా ముఖంలా అనిపించింది. మేమూ అదే వృత్తిలో రిటైరయ్యాం కాబట్టి అలా కనిపించిందేమో.

తండ్రి తాగుడు ముదిరింది. విసిరే మనిషి చేయి నిలకడగా లేకపోతే ఆ ఆట ప్రాణాంతకం. 1917 మొదట్లో తల్లీకొడుకులు ఆట మానేశారు. ఇరవై ఒక్క ఏళ్ల బస్టర్‌కు న్యూయార్క్‌లో ఒక పెద్ద నాటకశాలలో వారానికి 250 డాలర్ల ఒప్పందం కుదిరింది. ఇంతలో రాస్కో ఆర్బకిల్ అనే భారీకాయుడైన సినిమా హాస్యనటుడు తన చిత్రం ‘ది బుచర్ బాయ్’లో చిన్న వేషం వేయమని పిలిచాడు. ఆ రోజు కీటన్ వేషం కంటే కెమెరాను ఎక్కువ చూశారు. బొమ్మ ఎలా పడుతుంది, ఎలా అతుకుతారు అని విప్పి చూసేదాకా నిద్రపోలేదట. 250 డాలర్ల పని వదులుకుని 40 డాలర్లకు సినిమాలో చేరారు.

1918లో సైన్యంలో ఫ్రాన్సు వెళ్లివచ్చారు. చెవి రోగం తగిలి వినికిడి తగ్గింది, మళ్లీ పూర్తిగా బాగుపడలేదు. మాట లేని సినిమాలు తీసే మనిషికి అది అప్పట్లో పెద్ద లోటు కాలేదు.

తర్వాతి ఎనిమిదేళ్లు ఆయన జీవితంలో మంచి కాలం. జోసెఫ్ షెంక్ అనే నిర్మాత హాలీవుడ్‌లో ఆయనకు ఒక స్టూడియో అప్పగించారు. అంతకుముందు చాప్లిన్ పనిచేసిన చోటు అది. 1921లో కీటన్ పెళ్లాడిన నటాలీ టాల్మడ్జ్ ఆ షెంక్‌కు మరదలు. అంటే తోడల్లుడే యజమాని. స్టూడియో బోర్డు మీద కీటన్ పేరు. ఏం తీయాలి, ఎలా తీయాలి, ఎన్నాళ్లు తీయాలి అన్నది అంతా కీటన్ ఇష్టం. వారం జీతం, లాభంలో పావు వంతు. కానీ కంపెనీలో ఒక్క వాటా కూడా ఆయన పేర లేదు. ఆ విషయం ఆయన పట్టించుకోలేదు. పాఠకులు ఈ వాక్యం గుర్తుపెట్టుకోవాలి, ముందుముందు పనికొస్తుంది.

ఆర్బకిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1921లో ఒక యువతి మృతి కేసులో ఆయన చిక్కుకున్నారు. మూడు విచారణల తర్వాత 1922లో నిర్దోషి అని తేలింది. అయినా పత్రికలు వదల్లేదు, పరిశ్రమ తలుపులు మూసింది. కీటన్ ఒక్కనాడూ ఆ స్నేహాన్ని దాచుకోలేదు. పని చూపించారు, డబ్బు సర్దారు.

పనివాళ్లతో ఆయన తీరు వేరుగా ఉండేది. రాసిన కథ అంటూ ఉండేది కాదు. మొదలు ఏమిటి, చివర ఏమిటి అని నలుగురు కూర్చుని మాట్లాడుకునేవారు. మధ్యది దానంతటదే వస్తుందని వదిలేసేవారు. ఎక్కడైనా ఆలోచన ఆగిపోతే బ్యాటు, బంతి తీసుకుని బేస్‌బాల్ ఆడేవారు. దెబ్బలాట, పరుగు, పడటం అన్నీ ఆయనే స్వయంగా చేసేవారు. ‘షెర్లాక్ జూనియర్’ చిత్రంలో రైలు నీటితొట్టి నుంచి ధారగా పడిన నీళ్లకు పట్టాల మీద వెల్లకిలా పడ్డారు. కొన్నాళ్లు తలనొప్పి వచ్చింది, పోయింది. ఏళ్ల తర్వాత వేరే పనికి ఎక్స్‌రే తీస్తే మెడ ఎముక అప్పుడే విరిగి అతుక్కుందని వైద్యులు చెప్పారు.

ఇప్పుడు ఆవు దగ్గరికి వద్దాం.

‘గో వెస్ట్’లో కీటన్ వేషానికి పేరే లేదు. స్నేహితులు లేనివాడు అన్నదే పేరు. ఉన్న సామానంతా అమ్మేస్తాడు, ఆ డబ్బుతో ఒక రొట్టె, ఒక సాసేజి కొనుక్కుంటాడు. న్యూయార్క్ వెళ్తే జనం తొక్కుకుంటూ పోతారు. గూడ్సు బండెక్కి పడమటికి వెళ్తాడు, పీపాలో కూర్చున్నవాడు పీపాతో సహా బండిలోంచి దొర్లి ఎడారిలో పడతాడు. దగ్గరలోని పశువుల పొలంలో పనికి కుదురుతాడు. పాలు పితకమంటే బొక్కెన ఆవు కింద పెట్టి, ఆవే ఇస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటాడు. మా హాల్లో అందరికంటే గట్టిగా నవ్వింది ఇక్కడ అమ్మమ్మలే.

ఆ మందలో వట్టిపోయిన ఆవు ఒకటి ఉంది. పాలివ్వదు కాబట్టి యజమానికి అక్కర్లేదు. తోటి పశువులూ దగ్గరకు రానివ్వవు. దాని గిట్టలో రాయి గుచ్చుకుంటే ఇతను తీస్తాడు. కాసేపటికి ఇతని కాలు నేలలోని బొరియలో ఇరుక్కుంటుంది, ఎద్దు కొమ్ములు వంచి వస్తుంది, ఆవు అడ్డం వస్తుంది. జీవితంలో మొదటిసారి ఎవరో తన కోసం ఒక అడుగు వేశారని అతనికి తెలుస్తుంది. అప్పటి నుంచి ఒకరిని విడిచి ఒకరు ఉండరు. కొమ్ములు లేక తోటి పశువుల చేతిలో దెబ్బలు తింటోందని దుప్పి కొమ్ములు తెచ్చి దాని తలకు కడతాడు. పశువులకు ఎర్రగా కాల్చిన ఇనుముతో గుర్తు వాత వేయాలి. ఈ ఆవుకు వాత వేయడానికి అతనికి మనసు రాదు. సబ్బు నురగ రాసి, మంగలి కత్తితో ఆ గుర్తు ఆకారంలో వెంట్రుకలు గొరిగి వదిలేస్తాడు. వాత పడింది, ఆవుకు నొప్పి లేదు. మా పెద్దలు పశువును పెంచిన ఇళ్లవాళ్లు. ఈ దృశ్యం దగ్గర మా ప్రక్కనున్న ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

తెర మీద ఆ చనువు ఊరికే రాలేదు. కీటన్ ఆ ఆవుకు తానే శిక్షణ ఇచ్చారు. మొదట పలుపు తాడు పట్టుకుని వెంట తిప్పుకున్నారు. కొద్దిరోజులకు సన్నని తాడు, తర్వాత పురికొస, చివరికి కుట్టు దారం. దారం ఎప్పుడు తెగినా ఆవుకు పట్టింపు లేదు, ఆయన ఎటు నడిస్తే అటే నడిచింది. చదువుతుంటే మాకు గంగిరెద్దులవాడే గుర్తొచ్చాడు.

ఆరిజోనాలో కింగ్‌మన్ పట్టణానికి దూరంగా ఉన్న పశువుల పొలాల్లో ఎండాకాలంలో ఆ దృశ్యాలు తీశారు. ఎండకు ఫిల్ము కరిగిపోకుండా కెమెరాల చుట్టూ మంచుగడ్డలు పెట్టాల్సి వచ్చింది. సగంలో ఉండగా ఆవు ఎదకు వచ్చింది. ఇక అది ఎవరి మాటా వినలేదు, కీటన్ మాట కూడా. మనుషులు, కెమెరాలు, గుడారాలు, జీతాలు అన్నీ ఆగాయి. వేరే ఆవును పెట్టి కానిద్దామంటే ఈ ఆవులా నడిచేది ఇంకొకటి లేదు. దానంతట అది కుదుటపడే దాకా కీటన్ కాచుకుని కూర్చున్నారు. అలా కూర్చునే హక్కు ఆయనకు అప్పుడు ఉంది. ఈ మనిషి జీవితమంతా చదివాక ఆయన వైభవానికి కొలత ఏమిటంటే మేము ఆయన కట్టుకున్న భవనాన్ని చెప్పం, ఆ కాచుకున్న రోజులను చెబుతాం.

కథలో యజమాని వెయ్యి పశువులను కబేళాకు అమ్ముతాడు, వాటిలో ఆ ఆవు కూడా ఉంటుంది. కొనుక్కుందామంటే అతని దగ్గర డబ్బు లేదు. పేకాటలో సంపాదిద్దామని కూర్చుంటే, మోసం చేస్తున్నావన్నందుకు ఎదుటివాడు తుపాకి తీసి, ఆ మాట నవ్వుతూ అనమంటాడు. నవ్వడం రాని మనిషి రెండు వేళ్లతో పెదవుల చివర్లు పైకి నెట్టుకుంటాడు. ‘బ్రోకెన్ బ్లాసమ్స్’ అనే కన్నీటి చిత్రంలో లిలియన్ గిష్ చేసిన అభినయం అది. అప్పటి ప్రేక్షకులకు చూడగానే తెలిసింది. మాకు తెలియకపోయినా నవ్వు వచ్చింది, నవ్వాక ఎందుకో బాధగానూ అనిపించింది.

ఆఖరి భాగంలో పశువుల మంద లాస్ ఏంజెలెస్ వీధుల్లో పడుతుంది. మంగలి షాపులోకి, బట్టల దుకాణంలోకి దూరుతుంది. వాటిని తన వెంట రప్పించడానికి నాయకుడు ఎర్రటి దయ్యం దుస్తులు తొడుక్కుని ముందు పరుగెడతాడు. నిజంగానే వందల పశువులను ఊరి మధ్య వీధుల్లోకి తోలి తీశారు. కానీ మంద అనుకున్నంత వేగంగా పరుగెత్తలేదు. ఎక్కువ తరిమితే చెదిరి ప్రమాదమవుతుందని తరమలేకపోయారు. ఆ భాగం తాను అనుకున్నట్టు రాలేదని కీటన్ తర్వాత ఒప్పుకున్నారు. మాకూ అక్కడ కొంచెం సాగదీసినట్టే అనిపించింది. ఆవుతో ఉన్న మొదటి సగమే గొప్పది. చివర యజమాని సంతోషించి ఏం కావాలో కోరుకోమంటే, అతను వెనక్కి వేలు చూపిస్తాడు. తన కూతుర్ని అడుగుతున్నాడని యజమాని అనుకుంటాడు. అతను వేలు చూపించింది ఎవరినో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతి ఏడాది తీసిన ‘ది జనరల్’ నేడు ప్రపంచంలోని గొప్ప చిత్రాల జాబితాల్లో ఉంటుంది. అందులో కాలుతున్న వంతెన మీద నుంచి నిజమైన రైలింజను నదిలో పడిపోతుంది. ఆరెగాన్ రాష్ట్రంలో కాటేజ్ గ్రోవ్ దగ్గర ఒకేసారి తీసిన దృశ్యం. రెండోసారి తీసే వీలే లేదు. ఆ ఇంజను రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇనుము కోసం తీసేదాకా ఆ నదిలోనే పడి ఉంది. ఖర్చు విపరీతం, రాబడి అంతంతమాత్రం, విమర్శకులు పెదవి విరిచారు. 1928లో వచ్చిన ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందు గోడ మొత్తం ఆయన మీద పడుతుంది. కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలుచున్న చోట రావడంతో బతుకుతారు. అంగుళాల తేడా వస్తే ఆ రోజే ఆయన కథ ముగిసేది. అదీ డబ్బు తేలేదు.

అప్పుడు షెంక్ స్టూడియో మూసి, ఎమ్.జి.ఎం. అనే పెద్ద సంస్థకు వెళ్లమన్నారు. అక్కడ పెత్తనం షెంక్ తమ్ముడిదే. చాప్లిన్ వద్దన్నారు, హెరాల్డ్ లాయిడ్ వద్దన్నారు. ఆ ఇద్దరికీ సొంత సంస్థలున్నాయి. కీటన్‌కు బోర్డు మీద పేరు తప్ప ఏమీ లేదు. ఇంటివాళ్లే చెబుతున్నారు, వారానికి 3,000 డాలర్లు ఇస్తామంటున్నారు. 1928 జనవరిలో సంతకం పెట్టారు. తన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదేనని తర్వాత ఆయనే అనేవారు. ముప్పయి ఏళ్లకు పైగా కాగితాల మధ్య బతికిన మాకు ఇందులో ఆశ్చర్యం లేదు. చదవకుండా పెట్టిన సంతకాలు చూశాం, చదివీ బంధుత్వం కోసం పెట్టిన సంతకాలు ఇంకా ఎక్కువ చూశాం.

మొదటి చిత్రం ‘ది కెమెరామన్’ బాగానే వచ్చింది. అందులో జోసెఫీన్ అనే కోతి ఉంది. అంతకుముందు హెరాల్డ్ లాయిడ్ చిత్రంలోనూ నటించిన కోతి అది. పడవ బోల్తాపడి నీళ్లలో మునుగుతున్న అమ్మాయిని నాయకుడు రక్షిస్తే, పేరు వేరేవాడు కొట్టేస్తాడు. ఒడ్డున కెమెరా పిడి తిప్పుతూ ఆ కోతి మొత్తం తీసి ఉంటుంది, దానివల్లే నిజం బయటపడుతుంది. ఆ చిత్రంలో ఆయనకు కొంత స్వేచ్ఛ మిగిలింది. ఆ తర్వాత ప్రతి దృశ్యం ముందే కాగితం మీద ఉండాలి, పై అధికారి ఒప్పుకోవాలి, ప్రమాదకరమైన పనులు వేరేవాళ్లు చేయాలి. అలాంటి చోట ఎదకు వచ్చిన ఆవు కోసం ఎవరు ఆగుతారు?

ఇంతలో మాటల సినిమాలొచ్చాయి. అప్పటికి డబ్బింగు పద్ధతి లేదు. అదే చిత్రాన్ని ఆయనతోనే స్పానిష్‌లో, ఫ్రెంచిలో, జర్మన్‌లో మళ్లీ తీసేవారు. రాని భాషల సంభాషణలను అర్థం తెలియకుండా బట్టీపట్టి చెప్పేవారు. ఏ భాషా అవసరం లేకుండా లోకాన్ని నవ్వించిన మనిషికి నాలుగు భాషల్లో పాఠం అప్పజెప్పే పని పడింది. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, బజారులో ఒకటి మాట్లాడుకుంటూ పెరిగిన మనవాళ్లకు ఆ కష్టం వేరే వివరించక్కర్లేదు. విచిత్రమేమంటే ఆ చిత్రాలు డబ్బు చేశాయి. ఆయన సొంత చిత్రాల కంటే ఎక్కువ. అందుకే ఎవరూ ఆయన మొర వినలేదు.

తాగుడు పట్టుకుంది, తండ్రి దారిలోనే. 1932లో నటాలీ విడాకులు తీసుకుంది. భవనం పోయింది. ఇద్దరు కొడుకులు తల్లి దగ్గరే ఉన్నారు, వాళ్ల ఇంటిపేరు కూడా టాల్మడ్జ్ అయింది. 1933లో సంస్థ ఉద్యోగంలోంచి తీసేసింది. అదే కాలంలో ఒక నర్సును పెళ్లాడారు, ఆ పెళ్లి మూడేళ్లు నిలిచింది. 1934లో దివాలా. ఒక దశలో ఆసుపత్రిలో కట్టేసి ఉంచాల్సి వచ్చింది. ఈ అయిదారేళ్ల గురించి ఇంతకంటే ఎక్కువ రాయాలని మాకు లేదు.

1937లో అదే ఎమ్.జి.ఎం.కు తిరిగి వెళ్లారు. ఈసారి నటుడిగా కాదు, ఇతరుల చిత్రాలకు నవ్వు తెప్పించే ఉపాయాలు చెప్పే ఉద్యోగానికి, వారానికి 100 డాలర్లకు. 3,000 తీసుకున్న గేటులోంచే 100కు లోపలికి వెళ్లడం ఎంతమందికి చేతనవుతుంది? 1940లో మార్క్స్ సోదరులు ఒక హాస్యచిత్రం తీశారు. దాని పేరు కూడా ‘గో వెస్ట్’. వాళ్లకు ఉపాయాలు చెప్పినవారిలో కీటన్ ఉన్నారు, తెర మీద పేరు లేకుండా. పదిహేనేళ్ల కిందట తన ఆవుతో తీసిన చిత్రం పేరుతోనే వేరేవాళ్లు తీస్తుంటే ఆ మూల కూర్చుని పనిచేసి జీతం తీసుకున్నారు. ఆయన ఎవరినీ తిట్టినట్టు మాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ ఏడాదే మే నెలలో ఎలినోర్ నారిస్ అనే నర్తకిని పెళ్లాడారు. ఆయనకు 44, ఆమెకు 21. పేకాటలో బ్రిడ్జి నేర్చుకుందామని ఆయన ఇంటికి వచ్చిన అమ్మాయి. స్నేహితులు వద్దన్నారు. ఇరవై ఆరేళ్లు, ఆయన పోయేదాకా ఆ కాపురం నిలిచింది. ఆమె వల్లే ఆయన బతికి బట్టకట్టారని చెప్పాలి. యుద్ధం తర్వాత పారిస్‌లో మెద్రానో సర్కస్‌లో ఇద్దరూ కలిసి ప్రదర్శనలిచ్చారు. పెద్దయ్యాక కొడుకులు కూడా తండ్రి గడపకు వచ్చారు.

1949లో జేమ్స్ ఏజీ అనే రచయిత లైఫ్ పత్రికలో మూకీ హాస్యనటుల మీద పెద్ద వ్యాసం రాశారు. మరచిపోయిన కీటన్ పేరు దానితో మళ్లీ పైకి వచ్చింది. 1952లో చాప్లిన్ ‘లైమ్‌లైట్’లో ఆయనను పక్కన నిలబెట్టుకున్నారు. ఆ ఇద్దరూ ఒకే కథాచిత్రంలో కనిపించింది ఆ ఒక్కసారే. ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి జరిగింది. పోగొట్టుకున్న ఆయన భవనాన్ని తర్వాత జేమ్స్ మేసన్ అనే నటుడు కొన్నారు. అక్కడ మూలనపడి ఉన్న డబ్బాల్లో కీటన్ పాత చిత్రాల రీళ్లు దొరికాయి. ఆ రకం ఫిల్ము పాతబడితే పొడిపొడి అయిపోతుంది, నిప్పు అంటుకుంటే భగ్గుమంటుంది. రేమండ్ రోహవర్ అనే సినిమాహాలు నిర్వాహకుడు వాటితో పాటు మరికొన్నిచోట్ల మిగిలిన ప్రతులను సేకరించి, కొత్త ఫిల్ము మీదికి ఎక్కించి ఊరూరా చూపించారు. వాటిని చూసి మెచ్చుకున్నవారిలో చాలామంది, ఆ చిత్రాలు వచ్చినప్పుడు పుట్టనివారు.

1957లో ఆయన జీవితం మీదే ఒక చిత్రం వచ్చింది. అందులో కీటన్ వేషం వేసింది డోనాల్డ్ ఓకానర్. మాట్లాడే కంచరగాడిద ఫ్రాన్సిస్ చిత్రాల్లో నాయకుడు ఆయనే. చిత్రంలో నిజం తక్కువ, కల్పన ఎక్కువ. అయితే హక్కుల కింద వచ్చిన 50,000 డాలర్లతో కీటన్ దంపతులు ఉడ్‌లాండ్ హిల్స్‌లో చిన్న ఇల్లు, పెరడు కొనుక్కున్నారు. పెరట్లో కోళ్లు పెంచారు. వాటికి పేర్లు పెట్టారు, బడి ఆకారంలో గూడు కట్టారు. తాను ఒక్కరోజే బడికి వెళ్లానని చెప్పుకునే మనిషి కోళ్లకు బడి కట్టించారు.

1960లో ఆస్కార్ సంస్థ గౌరవ పురస్కారం ఇచ్చింది. 1964లో కెనడాలో రైలు పట్టాల మీద చిన్న బండిలో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు సాగే మాటల్లేని చిత్రంలో నటించారు. డెబ్బైకి దగ్గరపడిన వయసులో, ఎత్తయిన రైలు వంతెన మీద పోతున్న బండిలో పెద్ద మ్యాపు కాగితం చుట్టేసుకున్న దృశ్యం చేయవద్దని దర్శకుడు భయపడితే, ఇది తన పని అని చేసి చూపించారు. 1965 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయనకు అప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. ఇంట్లోవాళ్లు చెప్పలేదు, మామూలు దగ్గు రోగమే అనుకున్నారు. 1966 ఫిబ్రవరి 1న ఉడ్‌లాండ్ హిల్స్ ఇంట్లోనే కన్నుమూశారు. ముందురోజు వరకు పేకాట ఆడుతూనే ఉన్నారు. జపమాల ఒక జేబులో, పేక ముక్కలు ఒక జేబులో పెట్టి ఎలినోర్ సాగనంపింది.

‘గో వెస్ట్’ మీద అమెరికాలో కాపీహక్కు 2021 మొదటి తేదీతో తీరిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, నిడివి గంటా పది నిమిషాల లోపే. రేపు కనుమ సాయంత్రం 6 గంటలకు సంఘం హాల్లో మళ్లీ వేస్తున్నాం. కిందటిసారి చాపలు చాలలేదు, వీలైనవారు ఇంటి నుంచి ఒకటి తెచ్చుకోగలరు. తమిళం, కన్నడం మాట్లాడే ఇరుగుపొరుగును కూడా వెంటబెట్టుకు రండి. గారెలు ఉంటాయి.